చెట్టెరుగని కల్లు

నల్లగొండ, పాలమూరు పల్లెలకు కల్లు కొత్తది కాదు. బోనాల నాడు పోచమ్మకు సాక పోసేది కల్లుతోనే. పెండ్లికైనా, చావుకైనా, కోతలు ముగిసిన నాటి సాయంత్రానికైనా కల్లు లేనిదే జరగని వూళ్లు ఈ మెట్ట ప్రాంతంలో కోకొల్లలు. కష్టం మరిచిపోవడానికి తాగారు, వేసవి వేడికి చలువ అని తాగారు. అయితే నేడు పొద్దుగుంకే వేళకు దుకాణం ముందు కూలి జనం బారులు తీరి కొంటున్న సీసాలో వున్నది ఆ కల్లేనా? చాలాచోట్ల కాదన్నది అందరికీ తెలిసిన సత్యం. తెలిసీ పైకి అనని సత్యం.

దానికి పేరు కూడా పల్లె జనమే పెట్టారు, ‘మందు కల్లు’ అని. ఇది రోగం తగ్గించే మందు కాదు. మనిషిని తనకు కట్టివేసుకొనే మందు. ఈ కల్తీని అరికట్టవలసిందే. అందులో రెండో మాటకు తావు లేదు. అయితే ఎట్లా అరికట్టాలన్నది అంతకంటె ముఖ్యమైన ప్రశ్న. ఒక్క రాత్రిలో దుకాణానికి తాళం వేసి, తాగేవారిని వారి ఖర్మకు వదిలివేస్తే ఏమవుతుందో 2015లో ఈ ప్రాంతం కళ్లారా చూసింది. ఆ పాఠాన్ని మరువరాదు.

చెట్టు ఇచ్చేదెంత?

అసలు కల్లుకు చెట్టు కావాలి, చెట్టెక్కే మనిషి కావాలి. గీత కార్మికుడు మోకు, ముస్తాదు కట్టుకొని పొద్దున, సాయంత్రం ప్రాణాలకు తెగించి చెట్టెక్కుతాడు. తాటిచెట్టుకైతే గెలను, ఈతచెట్టుకైతే మొవ్వు దగ్గర కాండాన్ని గీసి లొట్టి కడతాడు. చుక్కచుక్కగా దిగే రసం మొదట తియ్యగా వుంటుంది. దాన్నే నీరా అంటారు. కంటికి కనపడని ఈస్టు జీవులు కొన్ని గంటల్లోనే దాన్ని పులియబెట్టి కల్లుగా మారుస్తాయి. అట్లా పులిసిన కల్లులో మత్తునిచ్చే ఆల్కహాలు నూటికి నాలుగైదు పాళ్లకు సాధారణంగా మించదు. మరునాటికి అది పులుపెక్కి తాగడానికి పనికిరాకుండా పోతుంది. అందుచేత అసలు కల్లును నిలవ చేయడం గాని, దూరాలకు తరలించడం గాని తేలిక కాదు.

పైగా చెట్టు ఏడాది పొడుగునా ఒకే తీరుగా పారదు. ఈత చలికాలంలో బాగా పారుతుంది. తాటి మాఘ మాసం నుండి ఎండాకాలం దాకా పారుతుంది. వానాకాలంలో పారకం తగ్గుతుంది. వ్యవసాయ బావులకు, రోడ్లకు, ఇళ్ల స్థలాలకు, ఇటుక బట్టీలకు చెట్లు ఏటేటా కూలిపోతున్నాయి. గీత వృత్తిలోకి వచ్చే యువకులూ తగ్గుతున్నారు. చెట్లు తగ్గాయి, ఎక్కేవారు తగ్గారు, అయినా దుకాణంలో సీసాలు మాత్రం తగ్గలేదు. వానాకాలంలోనూ తగ్గలేదు. చెట్టెరుగని ఈ కల్లు ఎక్కడినుండి వస్తున్నదన్న ప్రశ్న వూళ్లోని చిన్నపిల్లవాడికైనా తట్టవలసిందే.

జవాబు తెలిసిందే. నీళ్లలో కొద్దిపాటి కల్లు, తీపికి సాక్రిన్, నురుగుకు మరో పొడి, మత్తుకు మత్తుమందు. మొదట్లో క్లోరల్ హైడ్రేట్ కలిపేవారు. తరువాత జనం నోట డైజోఫాంగా నలిగిన డైజిపాం వచ్చింది. ఇటీవలి కాలంలో ఆల్ప్రాజోలం వాటికి తోడైంది. ఇవన్నీ వైద్యశాస్త్రం ఎరిగిన మందులే. నిద్ర పట్టనివారికి, మూర్ఛ రోగులకు, తీవ్రమైన ఆందోళనతో బాధపడేవారికి డాక్టర్లు కొలిచి, కొద్ది రోజులకే రాసి ఇచ్చే మందులు. వాటిని డ్రమ్ములో చేతి అంచనాతో కలిపి అమ్మడమే ఘోరం.

ఈ ఘోరం ఎంతటిదో ఒక చిన్న లెక్క చెబుతుంది. డాక్టరు రాసే ఆల్ప్రాజోలం చిన్న మాత్రలో వుండే మందు పావు మిల్లీగ్రాము. అంటే ఒక్క గ్రాము పొడిలో 4,000 మాత్రల మందు వుంటుంది. ఒక కిలోలో 40 లక్షల మాత్రల మందు వుంటుంది. చిటికెడు పొడి ఎక్కువ పడినా, డ్రమ్ములో సరిగా కలియక అడుగున పేరుకున్నా, ఒకరి సీసాలో మత్తు చాలదు, పక్కవాని సీసాలో ప్రాణం మీదికి వస్తుంది. దాన్ని కలిపేవాడికి త్రాసు లేదు, తాగేవాడికి చీటీ లేదు.

అలవాటు ఎట్లా ముదురుతుంది?

రోజంతా మట్టి మోసి, నాట్లు వేసి, నడుములు విరిగిన మనిషికి మొదటి నాడు ఒక సీసా హాయినిస్తుంది. కంటినిండా నిద్ర పడుతుంది. కొన్ని వారాలకు శరీరం ఆ మందుకు అలవాటు పడుతుంది. ఒక సీసా చాలదు, రెండు కావాలి. తరువాత మూడు, నాలుగు. పొద్దున లేవగానే ఒక సీసా పడందే చేతులు ఆడవు. ‘కల్లు లేకుంటే కాలు చెయ్యి ఆడది’ అని చెప్పుకునే మాటలో అబద్ధం లేదు. అయితే అది ఒంట్లో బలం లేక కాదు, మందు లేక. ఆ వణుకును పోగొట్టేది మళ్లీ ఆ సీసాయే కాబట్టి అదే తనకు బలమిస్తున్నదని మనిషి భ్రమపడతాడు.

ఈ మందుల వల్ల జ్ఞాపకశక్తి మందగిస్తుంది. నడక తడబడుతుంది. ముసలివారు పడి తుంటి విరగ్గొట్టుకుంటారు. మత్తులో బండి నడిపినవాడు తనతోపాటు ఎదుటివారి ప్రాణాలకూ ముప్పు తెస్తాడు. మందు కల్లు మీద సారాయో, బ్రాందీయో తాగితే రెండు మత్తులూ ఏకమై శ్వాసను అణచివేస్తాయి. నిద్రలోనే ప్రాణం పోవచ్చు. గర్భిణి తాగితే మందు కడుపులోని బిడ్డకు చేరుతుంది. పాలిచ్చే తల్లి తాగితే పాలద్వారా బిడ్డకు చేరి, ఆ బిడ్డ పాలు తాగకుండా మగతగా పడి వుంటుంది. బిడ్డ నిమ్మళంగా పడుకున్నదని తల్లి అనుకుంటుంది. ఈ ప్రాంతంలో కూలినాలి చేసుకునే స్త్రీలు కూడా మగవారితో సమానంగా కల్లు తాగే అలవాటున్నందున, ఇది ఒక్క మగవారి సమస్య అని సరిపెట్టుకోవడానికి వీలులేదు.

ఇక ఇంటి లెక్క. భార్యాభర్తలిద్దరి మీద రోజుకు 100 రూపాయలు దుకాణానికి పోయాయనుకుంటే, ఏడాదికి 36,500 రూపాయలు పోయినట్లే. వాన మీద ఆధారపడి ఎకరమో రెండెకరాలో చేసుకునే కుటుంబానికి అది చిన్న మొత్తం కాదు. వడ్డీ వ్యాపారికి బాకీ తీరకపోవడానికి, బడికి పోవలసిన పిల్ల పత్తిచేలో పనికి పోవడానికి ఆ సీసాకు సంబంధం లేదనగలమా? పొట్ట చేతబట్టుకొని బొంబాయికో, పూనాకో వలసపోయే పాలమూరు కూలీల కష్టం మరీ దారుణం. వూరు దాటిన మరునాడే కల్లు దొరకదు. పనిచోట చెమటలు, వణుకు, ఫిట్స్. అక్కడి మేస్త్రీకి గాని, డాక్టరుకు గాని ఇది కల్లు మానినందువల్ల వచ్చినదని తెలియదు. చెప్పడానికి కూలీకి భాష రాదు.

2015 చెప్పిన పాఠం

2015 సెప్టెంబరు ప్రాంతంలో తెలంగాణ ప్రభుత్వం కల్తీ కల్లుపై దాడులు ముమ్మరం చేసింది. మత్తుమందు రాక ఆగిపోయింది. ఉద్దేశం మంచిదే. కాని ఒకటి రెండు రోజులు గడిచేసరికి మహబూబ్‌నగర్, నిజామాబాద్ తదితర జిల్లాల ఆస్పత్రులకు జనం వందల సంఖ్యలో రావడం మొదలైంది. నిద్ర లేదు. ఒళ్లంతా వణుకు. కొందరు పిచ్చి చూపులు చూస్తూ లేనివారితో మాట్లాడారు. కొందరు కట్టుబట్టలు చించుకున్నారు. కొందరు ఫిట్స్‌తో నేలమీద పడి కొట్టుకున్నారు. వారిలో ఆడవారూ వున్నారు. కొన్ని మరణాలు కూడా పత్రికలకెక్కాయి. హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి సైతం రోగుల తాకిడి పెరిగింది. దయ్యం పట్టిందని తాయెత్తులు కట్టించినవారూ లేకపోలేదు.

జరిగినదేమిటో వైద్యశాస్త్రం స్పష్టంగా చెబుతుంది. ఈ మందులు మెదడులోని ఉద్రేకాన్ని అణచిపెడతాయి. నెలల తరబడి అట్లా అణచిపెడితే, ఆ అణచివేతకు ఎదురు నిలవడానికి మెదడు తన వేగాన్ని పెంచుకుంటుంది. ఒక్కసారిగా మందు ఆగిపోతే పెరిగిన ఆ వేగానికి అడ్డు వుండదు. దాని ఫలితమే వణుకు, భ్రాంతి, ఫిట్స్. ఆల్ప్రాజోలం ఒంట్లోనుండి త్వరగా పోయే మందు కావడం చేత ఒకటి రెండు రోజుల్లోనే ఈ లక్షణాలు బయటపడతాయి. ఏళ్ల తరబడి సారాయి, బ్రాందీ విపరీతంగా తాగినవారు హఠాత్తుగా మానితే కూడా ఇదే తీరు ప్రమాదం వుంది.

చెరువు కింద సేద్యం చేసిన రైతుకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. నిండిన చెరువును ఖాళీ చేయాలంటే తూము ద్వారా దించుతారు గాని కట్టకు గండి కొట్టరు. గండి కొడితే చెరువుతోపాటు కింది పొలమూ పోతుంది. మందు కల్లు అలవాటు విషయంలో డాక్టర్లు చేసేది తూము ఎత్తడమే. ఒంట్లో ఎక్కువసేపు నిలిచే మందును కొలతగా ఇచ్చి, కొన్ని వారాలపాటు మెల్లమెల్లగా తగ్గించి, చివరకు పూర్తిగా ఆపివేస్తారు. ఈ పద్ధతిలో మానినవారు మళ్లీ మామూలు మనుషులై పనిపాటలు చేసుకోగలరు.

గీత కార్మికుడు ముద్దాయి కాదు

కల్తీ అనగానే గౌండ్లవారిపై నింద వేయడం కొందరికి అలవాటైంది. ఇది అన్యాయం. చెట్టెక్కి గీసి, పాతిక లొట్ల కల్లు దించుకొచ్చే కార్మికునికి మత్తుమందు పొడితో పనిలేదు. డ్రమ్ముల్లో కల్లు తయారు చేసేవాడికి చెట్టుతోనూ, కార్మికునితోనూ పనిలేదు. దుకాణం గీత సహకార సంఘం పేరుతో వున్నా, పెత్తనం పెట్టుబడి పెట్టిన గుత్తేదారు చేతిలో పడినచోట మొదట నష్టపోతున్నది వృత్తిదారే. చెట్టు మీదినుండి పడి కాళ్లు చేతులు విరిగేది అతనికి, లాభం వేరొకరికి. 2024 జూలైలో ప్రభుత్వం కాటమయ్య రక్ష పేరుతో గీత కార్మికులకు రక్షణ పరికరాలు ఇచ్చే పథకం ప్రారంభించింది. సంతోషించదగినదే. అయితే కార్మికుణ్ని చెట్టు మీద కాపాడి, కింద కల్తీ వ్యాపారి చేతిలో వదిలివేస్తే ఫలితం సగమే.

ఈ వ్యాపారం వెనుక ఎంతటి మూకలున్నవో 2025లో మరోమారు రుజువైంది. ఆ ఏడాది జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు మరణించారు. అనేకులు మూత్రపిండాలు దెబ్బతిని ఆస్పత్రుల పాలయ్యారు. కల్లులో ఆల్ప్రాజోలం కలిసినట్లు పరీక్షల్లో తేలింది. సెప్టెంబరులో సికింద్రాబాదు బోయినపల్లిలో ఒక ప్రైవేటు పాఠశాల భవనంలోనే ఆల్ప్రాజోలం తయారు చేస్తుండగా అధికారులు పట్టుకున్నారు. అక్కడ తయారైన సరకు పాలమూరు జిల్లా కల్లు డిపోలకు చేరుతున్నదని వారు వెల్లడించారు. కింది గదుల్లో పిల్లల చదువు, పైన మత్తుమందు బట్టీ. ఇంతకంటె సిగ్గుచేటు మరొకటి వుంటుందా?

చట్టం లేక కాదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద ఆల్ప్రాజోలం 100 గ్రాములు దాటి దొరికితే పదేళ్లకు తక్కువ కాకుండా ఇరవై ఏళ్ల వరకు కఠిన శిక్ష, లక్ష రూపాయలకు తగ్గని జరిమానా వున్నాయి. అదే చట్టం అలవాటుకు బానిసైన వ్యక్తి తానుగా చికిత్సకు వస్తే, కొద్దిపాటి మందు కేసుల్లో కేసు నుండి రక్షణ కూడా ఇస్తున్నది. అమ్మేవానికి జైలు, తాగేవానికి ఆస్పత్రి అన్నదే చట్టం ఉద్దేశం. ఆచరణలో మాత్రం డ్రమ్ము దగ్గర దొరికిన జీతగాడు జైలుకు పోతాడు, పొడి పంపినవాడు బయట తిరుగుతాడు. నమూనాలు తీసుకున్నామన్న వార్త మరునాడే వస్తుంది. వాటి ఫలితమేమిటో, శిక్ష ఎవరికి పడిందో వూరికి తెలిసేది అరుదు.

చేయవలసినదేమిటి?

స్త్రీలు పూనుకుంటే ఏమి జరుగుతుందో ఈ తెలుగునాట రుజువైనదే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారా దుకాణాన్ని మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతటా రాజుకొని 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో నిషేధం సడలింది. నిషేధం వున్న నాళ్లలోనూ నాటుసారా, దొంగ సరుకు ఆగలేదు. పైనుండి వచ్చిన ఉత్తరువు వూళ్లో కాపలా లేనిదే నిలవదని ఆ అనుభవం చెబుతున్నది.

కనుక మొదటి పని వూరే చేయాలి. అది చెట్ల లెక్క. ఈ వూరి దుకాణానికి ఎన్ని తాళ్లు, ఎన్ని ఈదులు వున్నాయి, అందులో గీతకు వస్తున్నవి ఎన్ని, ఎక్కేవారు ఎందరు, రోజుకు దుకాణంలో అమ్ముడుపోతున్న సీసాలు ఎన్ని? ఈ నాలుగు అంకెలు గ్రామసభలో చదివితే చాలు, మిగతాది ఎవరూ చెప్పనక్కరలేదు. ఇందుకు ప్రయోగశాల అక్కరలేదు. లెక్క వచ్చిన మహిళాసంఘం సభ్యురాలు చాలు, చెట్టు చెట్టునూ ఎరిగిన గౌండ్ల పెద్ద చాలు. అసలు వృత్తిదారులు ఈ పనికి ముందుకు రావాలి. ఆ లెక్క వల్ల నిలబడేది వారి వృత్తి గౌరవమే.

రెండవది, ఆబ్కారీ శాఖ, వైద్యశాఖ వేర్వేరుగా నడవరాదు. ఏ మండలంలో దాడులు జరపదలచారో, ఆ మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ముందుగా మందులు, సిబ్బంది సిద్ధంగా వుండాలి. దాడి జరిగే రోజు రహస్యంగా వుంచవచ్చు గాని, చికిత్స ఏర్పాటు రహస్యం కారాదు. ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి ఎక్కువగా తాగే వారెవరో, వారిలో ముసలివారు, గర్భిణులు, ఫిట్స్ వచ్చే వారెవరో గుర్తించాలి.

2015లో ఈ ఉభయ జిల్లాల్లో ప్రభుత్వ వైద్య కళాశాల ఒక్కటీ లేదు. నేడు పరిస్థితి మారింది. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా అయిదు జిల్లాలుగా, నల్లగొండ మూడు జిల్లాలుగా చీలగా, 2016లో మహబూబ్‌నగర్‌తో మొదలై 2024 నాటికి ఈ ఎనిమిది జిల్లాలకూ ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ప్రతి కళాశాల ఆస్పత్రిలోనూ మత్తు అలవాటు మాన్పించడానికి ప్రత్యేకంగా పడకలు కేటాయించి, ఆ సంగతి పల్లెపల్లెనా టముకు వేయించాలి. భవనాలు, బోర్డులు వుండి ప్రయోజనం లేదు. అచ్చంపేట తండా మనిషికీ, దేవరకొండ మెట్ట మనిషికీ అక్కడ చికిత్స దొరుకుతుందని తెలియాలి.

మూడవది, ఇంటివారు తెలుసుకోవలసిన సంగతులు. రోజూ మందు కల్లు తాగే మనిషిని గదిలో పెట్టి తాళం వేసి మాన్పించాలనుకోవడం ప్రమాదం. ముందు డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. రోజుకు ఎన్ని సీసాలు తాగుతున్నది, ఎన్నేళ్లుగా తాగుతున్నది, చివరిసారి ఎప్పుడు తాగినది దాచకుండా చెప్పాలి. సిగ్గుపడి దాస్తే చికిత్స తప్పుతుంది. మందుల షాపులో నిద్రమాత్రలు సొంతంగా కొని మింగించరాదు. మానిన తరువాత చెమటలు, వణుకు, నిద్ర లేకపోవడం, లేనివి కనపడటం మొదలైతే తెల్లవారేదాకా ఆగరాదు. ఫిట్స్ వస్తే మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో నీళ్లు పోయరాదు, పళ్ల మధ్య చెంచా దూర్చరాదు. చేతిలో తాళపుచెవులు పెట్టినందువల్ల ఫిట్స్ తగ్గవు. వెంటనే 108కు ఫోను చేయాలి. మత్తు అలవాటు మానదలచినవారికి 14446, మానసిక బాధలకు 14416 నంబర్లలో ఉచితంగా సలహా దొరుకుతుంది.

నాలుగవది, మత్తు లేని కష్టజీవికి ఏదో ఒక ఆసరా కావాలి. తెల్లవారుజామున దించిన నీరాను చల్లగా వుంచి అమ్మే ఏర్పాటు, తాటిబెల్లం తయారీ వంటివి పెరిగితే గీత కార్మికుడు గుత్తేదారు మీద ఆధారపడడు. వూళ్లో సాయంత్రం కూర్చోవడానికి దుకాణం తప్ప మరో తావు లేనంతకాలం మానినవాడు మళ్లీ అక్కడికే పోతాడు. గ్రంథాలయమో, భజన మందిరమో, ఆటస్థలమో ఏదైనా సరే, పంచాయతీలు ఆలోచించాలి.

కల్తీ కల్లు అమ్మకందారులకు రాజకీయ అండ వున్నదన్న మాట పల్లెల్లో బాహాటంగానే వినిపిస్తుంది. ఎన్నికల నాడు సీసాలు పంచినవారు గెలిచిన తరువాత దుకాణం మీద దాడి చేయిస్తారనుకోవడం అత్యాశే. ఓటుకు సీసా పుచ్చుకున్నవాడికి అడిగే నోరు వుండదు. పల్లె ప్రజలు ఈసారి సీసాను తిరస్కరించి, తమ మండలంలో మత్తు మాన్పించే పడక ఎక్కడుందని అభ్యర్థులను అడగాలి. తమ వూరి చెట్ల లెక్క చూపించి, ఈ లెక్కకు జవాబేదని ఆబ్కారీ అధికారులను అడగాలి. కల్తీ మీద దాడి జరిగిన ప్రతిచోటా ఆ మరునాడే వైద్యుడు కూడా వూళ్లో వుండేటట్లు జిల్లా కలెక్టర్లు చూడాలి. ఈ పనికి కొత్త చట్టం అక్కరలేదు, కొత్త భవనాలూ అక్కరలేదు. రెండు శాఖల అధికారులు ఒక బల్ల ముందు కూర్చుంటే చాలు. 2015 నాటి కష్టం ఈ పల్లెలకు మళ్లీ రాకుండా వారు ఇప్పుడే ఆ పనికి పూనుకోవడం అవసరం.